కడపలో హోటల్ ట్రైనింగ్: ఇంగ్లీషుకు ఓకే, వీసా మాటెత్తితే మాత్రం జాగ్రత్త

ఏడు రోడ్ల దగ్గర ఒక ట్రైనింగ్ సెంటర్‌లో (పేరు వద్దులే) మూడు నెలలు నేర్చుకుని ఇప్పుడు దుబాయ్‌లో ఫైవ్‌స్టార్ హోటల్లో గెస్ట్ సర్వీస్‌లో ఉన్నా, మనోళ్లు చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. ఇంగ్లీషు బాగా చెప్పారు, అది ఒప్పుకోవాలి. మేడం ఒక్క తెలుగు ముక్క మాట్లాడనిచ్చేది కాదు.

కౌంటర్ పని మాత్రం సున్నా. హోటల్ బుకింగ్‌లు, చెక్-ఇన్‌లకు వాడే ఒపెరా సాఫ్ట్‌వేర్‌ను బొమ్మలో చూపించారు, అంతే. గది అద్దె ముందే కట్టేసిన గెస్టుకు, కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేస్తామని, రాత్రికి 20 దిర్హామ్‌ల టూరిజం ఫీజు వేరేగా ఉంటుందని నవ్వుతూ నచ్చజెప్పడమే ఇక్కడ సగం పని. మొదటిరోజు ఒకాయన అరిచిన అరుపుకు టెన్షన్‌లో నా నోట్లోంచి 'అట్ల కాదు సార్' అని తెలుగే వచ్చింది!

అసలు గొడవ వేరే. వీసా కూడా మేమే చూస్తామని 80 వేలు అడిగారు. రిజిస్టరైన ఏజెంటైనా 30 వేలు, పైన జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. కువైట్‌లో ఇరవై ఏళ్లున్న మా మామ చెప్పబట్టి రిజిస్టరైన ఏజెంట్ల లిస్టుండే గవర్నమెంటు ఈమైగ్రేట్ సైట్లో వెతికితే వీళ్ల పేరే లేదు. కోర్సు ఫీజు కట్టండి, పాస్‌పోర్టు మాత్రం వాళ్ల చేతిలో పెట్టొద్దు.