బిర్యానీ బాగుంది, ఏజెంట్ నంబరే లేదు: 2/5

షాద్‌నగర్ వైపు ఓపెన్ ప్లాట్లు చూద్దామని ఒక ఏజెన్సీ వాళ్లతో వెళ్లాను, ఇది వాళ్ల సర్వీస్ గురించే. పేరు రాయట్లేదు. హైదరాబాద్ చుట్టూ ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కరి పేరు పెడితే మిగతావాళ్లంతా మంచోళ్లని అనుకుంటారు.

ముందు బాగున్నవి చెబుతాను. ఆదివారం పొద్దున చెప్పిన టైముకే కారు ఇంటి ముందుకొచ్చింది. సైట్ దగ్గర టెంటు, చల్లని మజ్జిగ, మధ్యాహ్నం బిర్యానీ ప్యాకెట్. ప్లాట్లు చూపించిన ఏజెన్సీ కుర్రాడు మంచి మాటకారి, కాకపోతే "సర్, వచ్చే వారం గజం రేటు పెరుగుతుంది, ఈరోజే టోకెన్ వేసేయండి" అని మాటకు ముందొకసారి వెనకొకసారి అంటూనే ఉన్నాడు.

విజిటింగ్ కార్డు మీద "రెరా అప్రూవ్డ్" అని బంగారు రంగులో వేసుకున్నారు (రెరా అంటే ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ, ప్రాజెక్టులూ ఏజెంట్లూ అక్కడ రిజిస్టర్ కావాలి), కింద నంబర్ లేదు. అడిగితే "కంపెనీకి ఉంది సర్, బ్రోచర్‌లో చూడండి" అన్నాడు. బ్రోచర్‌లో ఉన్నది 'పీ'తో మొదలయ్యే నంబర్, అంటే ప్రాజెక్టుది. ఏజెంట్ నంబర్ 'ఏ'తో మొదలవుతుంది, అది ఎక్కడా లేదు. కంపెనీ పేరు మీద ఉంటే ఆ నంబరైనా చూపించాలి కదా, చట్టం ప్రకారం ఏజెంట్ చేయించే ప్రతి అమ్మకంలోనూ అది రాయాల్సిందే.

అసలు సంగతి ఇంకా ఉంది. బ్రోచర్‌లోని నంబర్‌ను అక్కడే నిలబడి ఫోన్‌లో తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి లేఅవుట్ తెరిస్తే, అందులోని సర్వే నంబర్లు వేరు, మేం నిలబడ్డ నేల వేరు. రిజిస్ట్రేషన్ ఫేజ్ వన్‌కి ఉంది, మాకు చూపిస్తున్నది ఫేజ్ టూ, రిజిస్ట్రేషన్ రాకముందే ఇలా అమ్మడానికి వాళ్లు పెట్టిన ముద్దుపేరు ప్రీ లాంచ్. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో రిజిస్టర్ చేయకుండా అమ్మకానికి పెట్టడమే తప్పు, 2016 రెరా చట్టం సెక్షన్ 10 ప్రకారం అలాంటిది అమ్మిపెట్టడం ఏజెంట్ తప్పు కూడా. ఏజెంట్‌కి జరిమానా రోజుకు 10,000 రూపాయలు, ఆ ప్లాట్ ధరలో 5 శాతం దాకా పోవచ్చు. ఈ ముక్క చెప్పేసరికి కుర్రాడు మేనేజర్‌కి ఫోన్ కలిపాడు, ఆయనేమో "మీరు 30 శాతం కట్టేయండి సర్, అగ్రిమెంట్ తర్వాత చూద్దాం" అన్నాడు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని అదే చట్టం సెక్షన్ 13లో ఉంది. టోకెన్ ఇవ్వకుండా వచ్చేశాను, తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు.

కుర్రాడి మీద నాకు పెద్ద కోపం లేదు, బహుశా అతనికెవరూ నేర్పలేదు. ఫీజు కట్టి, కాగితాలు ఇస్తే ఏజెంట్ రిజిస్ట్రేషన్ వచ్చేస్తుంది, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) చదవడం వచ్చా రాదా అని అడిగేవాళ్లు లేరు. మహారాష్ట్రలో 2023 నుంచి ఏజెంట్లకు ట్రైనింగ్, పరీక్ష తప్పనిసరి చేశారు. మన దగ్గరా పెట్టాలి, బండి నడపడానికే లైసెన్స్ టెస్ట్ ఉన్నప్పుడు జనం జీవితాంతం దాచుకున్న డబ్బుతో బేరాలు నడిపేవాళ్లకు లేకపోవడం ఏంటో.

ఇంకో మాట, ఇదే ఏజెన్సీ వాళ్లు ఇప్పుడు ఫేజ్ వన్‌లో రీసేల్ ప్లాట్ ఉందని ఫోన్లు చేస్తున్నారు. రీసేల్‌కి, అద్దె ఇళ్లకి ఏజెంట్ రిజిస్ట్రేషన్ నిబంధన వర్తించదు, అది బిల్డరో వెంచర్ వాళ్లో నేరుగా అమ్మే రిజిస్టర్డ్ ప్రాజెక్టులకే. కాబట్టి రీసేల్‌లో నంబర్ అడిగి లాభం లేదు, లింక్ డాక్యుమెంట్లు (ఆ ప్లాట్ ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), 30 ఏళ్ల ఈసీ మీరే తీయించుకుని సొంత లాయర్‌కి చూపించుకోవాలి, వాళ్లు "మా లాయర్ ఉన్నారు" అంటారు, వద్దనండి. కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలన్నది కనీసం వాట్సాప్‌లోనైనా ముందే రాయించుకోండి.