బొచ్చె, వనామీ, వంజరం: సముద్రానికి ఏది మేలు?

"సముద్రంలో చేపలు అయిపోతున్నాయట, ఇక చెరువు సరుకే తినాలి" అని మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన తేల్చి చెప్పేశారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతి సంచిలో కిలో వనామీ రొయ్యలున్నాయి. చెరువులో పెరిగింది కదా, సముద్రానికీ దానికీ సంబంధం లేదని ఆయన లెక్క. చాలామంది లెక్క కూడా ఇదే.

బెజవాడ, గుంటూరు వాళ్ళకి చెరువు సరుకూ సముద్రం సరుకూ రెండూ అందుబాటులోనే ఉంటాయి. ఒక పక్క కైకలూరు, ముదినేపల్లి చెరువులు, ఇంకో పక్క మచిలీపట్నం దగ్గర గిలకలదిండి, బాపట్ల వైపు నిజాంపట్నం హార్బర్లు. ఆదివారం మార్కెట్లో శీలావతి పక్కనే ఐసులో వంజరం ఉంటుంది. రుచి, ధర ఎవరిష్టం వారిది. సముద్రానికి దేనివల్ల తక్కువ చేటు అన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి ఎక్కడ పెరిగిందని అడిగితే సరిపోదు. ఏం తిని పెరిగింది, ఎలా పట్టారు అని కూడా అడగాలి.

ముందు బొచ్చె, శీలావతి. మన చెరువుల్లో వీటి ప్రధాన ఆహారం నూనె తీసిన తవుడు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి చెరువులో వరసగా వేలాడదీస్తారు, చేపలు ఆ చిల్లుల దగ్గర చేరి తింటాయి. దానికి తోడు వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క. పిల్లలు హేచరీల్లో పుడతాయి. అంటే రైస్ మిల్లు, నూనె మిల్లు మిగులు మన పళ్ళెంలోకి చేపగా వస్తోంది. ఇందులో సముద్రం నుంచి తీసుకున్నది దాదాపు ఏమీ లేదు. విచిత్రమేమిటంటే ఈ చేపలో పెద్ద భాగం లారీల్లో బెంగాల్, అస్సాం వైపు వెళ్ళిపోతుంది. మనవాళ్ళకి చెరువు చేప అంటే కాస్త చిన్నచూపు, మట్టి వాసనంటారు.

దీనికీ ఒక మచ్చ ఉంది, అది కొల్లేరు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది, అయినా సరస్సు లోపలికి చెరువుల గట్లు పాకుతూనే వచ్చాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు తెగ్గొట్టారు. ఆక్రమణల తగవు ఆ తర్వాతా నడుస్తూనే ఉంది. చెరువుల్లో వేసిన కోళ్ళ ఎరువు, మిగిలిన మేత కలిసిన నీళ్ళు డ్రెయిన్లలోకి, అక్కడి నుంచి కొల్లేట్లోకి, ఆపైన ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి వెళ్తాయి. ఆ నీళ్ళలో నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. బంగాళాఖాతంలో కాస్త లోతుకి వెళితే ఆక్సిజన్ చాలా తక్కువగా ఉండే పొర సహజంగానే ఉంది. దాని మీద మనం మరింత బరువు పెట్టకూడదు. ఇంత చెప్పినా నా ఓటు బొచ్చెకే. ఈ లోపం చేపది కాదు, చెరువు ఎక్కడ తవ్వారు, నీళ్ళు ఎటు వదిలారు అన్నదానిది. దాన్ని దిద్దుకోవచ్చు.

ఇక వనామీ. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. మన దేశంలో వ్యాపార స్థాయిలో పెంచడానికి 2009లో అనుమతి వచ్చింది. ఇది తవుడుతో పెరిగేది కాదు, మేతలో ప్రోటీన్ దండిగా ఉండాలి. ఆ ప్రోటీన్‌లో కొంత చేపల పిండి నుంచి వస్తుంది, మేతలో చేప నూనె కూడా కలుపుతారు. ఆ రెండూ కవళ్ళు, నెత్తళ్ళ లాంటి చిన్న సముద్రపు చేపల నుంచి, ట్రాలర్ వలలో పడ్డ 'చెత్త చేప' నుంచి తయారవుతాయి. చెత్త అంటారు గానీ, అందులో ఇంకో ఏడాది బతికితే మంచి ధర పలికే చేపల పిల్లలు కూడా ఉంటాయి. మా అపార్ట్‌మెంట్ ఆయన సంచిలో కొంత సముద్రం ఉందన్నమాట.

వనామీని పూర్తిగా తిట్టడమూ సరికాదు. మేతలో చేపల పిండి వాటాని తగ్గిస్తూ సోయా పిండి పెంచుతూ వచ్చారు. పైగా దాన్ని పోల్చాల్సింది బొచ్చెతో కాదు, సముద్రపు రొయ్యతో. రొయ్య కోసం ట్రాలర్ వల సముద్రం అడుగుని ఊడ్చుకుంటూ పోతుంది. ఉష్ణమండల సముద్రాల్లో ఇలా కిలో రొయ్య పడితే, దానితోపాటు అక్కర్లేని జీవాలు అంతకు ఎన్నో రెట్లు వలలో పడతాయి. చలికాలం చివర్లో సూర్యలంక, నిజాంపట్నం, నాగాయలంక తీరాలకు గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. గాలి పీల్చడానికి పైకి రావాల్సిన జీవులు, వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చస్తాయి. తాబేలు తప్పించుకునేలా వలలో కటకటాలు, బయటకి దారి ఉండే పరికరం ఎప్పటి నుంచో ఉంది, మన బోట్లలో మాత్రం అది అరుదు. ఈ కారణంతోనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యని తీసుకోవడం లేదు, చెరువు రొయ్యని తీసుకుంటోంది. కాబట్టి రొయ్య తినక తప్పదనుకునేవారికి వనామీయే నయం.

దానికి ముందు కాలపు కథ మాత్రం వికృతమైనది. 1990ల్లో టైగర్ రొయ్య మోజులో తీరం పొడవునా చెరువులు తవ్వారు, చాలాచోట్ల మడ అడవులు నరికారు. రొయ్య, పీత, చేప పిల్లలకి ఆ అడవే పెరిగే చోటు. రొయ్యల కోసం రొయ్యల పురిటిల్లు కూల్చామన్నమాట. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో తీర ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. ఇప్పుడు వనామీ మీద వేరే ఖర్చు ఉంది. నీళ్ళకి గాలి అందించడానికి రాత్రంతా తిరిగే ఏరియేటర్లు, కరెంట్ పోతే డీజిల్ జనరేటర్లు. 2025లో అమెరికా సుంకాలు పెరిగాక మన రొయ్యని మనమే తిందామన్న ప్రచారం ఊపందుకుంది. రైతుకి అది మంచిదే, వారానికొకసారి చాలు.

సముద్రపు చేప దగ్గరకొస్తే, దాన్ని ఒకే గాటన కట్టడమే మొదటి పొరపాటు. ప్రపంచం మొత్తం మీద అంచనా వేసిన చేపల నిల్వల్లో మూడో వంతుకి పైగా మితిమీరిన వేటకి గురయ్యాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) చెబుతోంది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2022లో 135 నిల్వలు పరిశీలించి 91.1 శాతం ఆరోగ్యంగానే ఉన్నాయంది. అంటే మన సముద్రం ఖాళీ అయిపోలేదు. అది చూసి ధీమా పడిపోవడమూ తొందరపాటే, చేపని బట్టి కథ మారుతుంది.

కవళ్ళు, కానగంతలు, నెత్తళ్ళు తొందరగా ఎదుగుతాయి, తొందరగా గుడ్లు పెడతాయి, గుంపులుగా పైపైన తిరుగుతాయి కాబట్టి అడుగు ఊడ్చే వల అక్కర్లేదు. పిండి చేసి రొయ్యకి పెట్టి, ఆ రొయ్యని మనం తినడం కంటే వీటినే పులుసు పెట్టుకోవడం నేరుగా ఉంటుంది. ధర కూడా తక్కువ. వంజరం, చందువ అప్పుడప్పుడు పర్వాలేదు, అదీ పెద్ద చేప అయితేనే. అరచేయంత చందువ చవగ్గా ఇస్తానన్నా వదిలేయండి. అది ఇంకా గుడ్లు పెట్టే వయసుకు వచ్చి ఉండదు.

సొర చేప మాత్రం నేను వద్దనే అంటాను. బాలింతకి పాలు పడతాయని సొరపుట్టు పెట్టడం మన తీరంలో పాత అలవాటు, పెద్దవాళ్ళతో వాదించడం కష్టం. కానీ సొర ఈడుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, కనే పిల్లలు కొద్ది. అందుకే వేటకి తట్టుకోలేదు. పైగా పెద్ద వేట చేప కాబట్టి ఒంట్లో పాదరసం పోగవుతుంది, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాన్ని మానుకోవాలని వైద్యులే చెబుతారు. వాళ్ళకి కవళ్ళు పెట్టినా బలమే.

చేప ఎంపికతోనే సముద్రం బాగుపడిపోదన్నదీ నిజమే. భూమి మీద పెరిగిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగో వంతు దాకా సముద్రమే మింగుతోంది. అంత దూరం ఎందుకు, బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ మన బెజవాడ మధ్య నుంచే వెళ్తాయి. వంతెన మీద నుంచి విసిరిన కవరు డెల్టా దాటితే సముద్రమే.

కొనేటప్పుడు క్యాలెండర్ కూడా చూడండి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలల్లో "ఇప్పుడే వచ్చింది" అని చూపించే పెద్ద వంజరం చాలావరకు నిల్వ సరుకో, పడమటి తీరం నుంచి వచ్చిందో అయి ఉంటుంది. ఎక్కడిదో అడగండి, అడిగితే చెప్పేవాళ్ళూ ఉంటారు. అప్పుడు బొచ్చెతో సరిపెట్టుకోవడం మేలు. సముద్రం రుచి కావాలనిపిస్తే వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసుకోండి, ఎటూ అవి నిషేధానికి ముందు పట్టి ఎండబెట్టినవే అయి ఉంటాయి.