హెల్త్ క్యాంపా, క్యాంటీన్ కూరా? ఏది నిలుస్తాది?

మా పైడిభీమవరం ఫ్యాక్టరీల సైడు ఏడాదికోసారి హెల్త్ క్యాంప్ అంటే చిన్న సైజు జాతరే, టెంటు వేస్తారు, బ్యానర్ కడతారు, బీపీ షుగర్ చూస్తారు, సార్లతో ఫోటో, చేతిలో ఒక అరటిపండు, ఇక వచ్చే ఏడు దాకా ఎవరికీ గుర్తుండదు. అలాగని పనికిరాదు అనను, మా షిఫ్టులో ఒకాయనకి 160/100 ఉందని అక్కడే తెలిసింది, బీపీ ఉన్నా మనిషికి ఏమీ అనిపించదు కదా. పైగా ఉద్దానం నుంచి వచ్చి ఇక్కడ రూములు తీసుకుని ఉంటున్నవాళ్ళు మాలో ఉన్నారు, ఆ కిడ్నీ జబ్బు సంగతి మనకి తెలీనిదా, వాళ్ళకి క్రియాటినిన్ టెస్టు (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చెయ్యాల్సిందే.

కానీ ఆ బీపీ ఆయనకి ఉప్పు తగ్గించమని చెప్పి పంపారా, మధ్యాహ్నం క్యాంటీన్‌కి వస్తే అదే సాంబారు, అదే ఆవకాయ, అదే అప్పడం. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే అంటాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఒక టీస్పూను. ఆయనేం చేస్తాడు పాపం.

మధ్యలో ఎవరెన్ని అడుగులు నడిచారో ఫోన్‌లో లెక్కేసే స్టెప్స్ కాంపిటీషన్ ఒకటి పెట్టారు. ప్రొడక్షన్ లోపలికి ఫోనే తీసుకెళ్ళనివ్వరు, ప్రైజు ఆఫీసు వాళ్ళకెళ్ళింది. దాని గురించి ఇంతే.

క్యాంటీన్ మార్చడమే నాకు మేలనిపించింది. ఉదయం షిఫ్టుకి చోడి (రాగి) అంబలి, టీలో పంచదార ఎవరిది వాళ్ళు వేసుకోడం, అప్పడం వారానికి రెండ్రోజులే. ఉప్పు ఒకేసారి తగ్గిస్తే "ఏటి బావు, జ్వరమొచ్చినోడికి వండినట్టుంది" అని ప్లేట్లు వదిలేశారు, తర్వాత వంటాయన ఎవరికీ చెప్పకుండా నెలనెలా కొంచెం కొంచెం తగ్గిస్తే ఒక్కడూ అడగలేదు. (అంబలి తాగితే షుగర్ పోతాదని ఒకడు ప్రచారం మొదలెట్టాడు, పోదు, చోడి కూడా పిండిపదార్థమే, కాకపోతే 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటాది.)

ఏడాది తిరక్కుండా కాంట్రాక్టరు మారాడు, అంబలి పోయింది, అప్పడం రోజూ వచ్చేసింది. ఎందుకంటే అదంతా పాత హెచ్ఆర్ సార్ నోటిమాట మీద నడిచింది, కాగితం మీద ఏమీ లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే 250 మందికి పైగా ఉన్నచోట క్యాంటీన్ ఉండాలని, దాన్ని నడిపే కమిటీలో వర్కర్లకీ చోటుండాలని ఉండేది (2025లో ఆ చట్టం పోయి కొత్త లేబర్ కోడ్ వచ్చింది), అప్పుడు మేము అదే పట్టుకున్నాం. ఇప్పుడు కమిటీలో ప్యాకింగ్ నుంచి ఒక అక్క, మా షిఫ్టు నుంచి ఒకడు ఉన్నారు, మెనూ కాంట్రాక్టు కాగితంలోకి ఎక్కింది, నెలకి ఎన్ని ఉప్పు ప్యాకెట్లు, ఎన్ని నూనె డబ్బాలు వచ్చాయో అక్కే రాసుకుంటాది. క్యాంపులో తేలినవాళ్ళకి నెలకోసారి బీపీ కూడా ఫస్ట్ ఎయిడ్ రూములోనే చూస్తున్నారు.

నైట్ షిఫ్టుకే ఇంకా దారి దొరకలేదు, రాత్రి రెండు గంటలకి టీ, మిక్చర్ ప్యాకెట్టే. ఉడకబెట్టిన శనగలు పెట్టమని అడిగాం, కాంట్రాక్టరు చూద్దాం అన్నాడు.