ఆరేళ్లుగా పానా పెట్టని పన్నెండు బోల్టులు

మొన్న యాసంగి సీజన్ ముగిశాక మిల్లు రెండు రోజులు ఆపి, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, మెయిన్ ప్యానెల్ తలుపు తెరిచాను. కరెంటు ప్యానెల్‌లోకి వచ్చే ఇన్‌కమర్ దగ్గర, కరెంటు మోసే అల్యూమినియం పట్టీలైన బస్‌బార్లు ఒకదాని మీద ఒకటి కూర్చునే చోట ఫేజుకు నాలుగు చొప్పున పన్నెండు బోల్టులు ఉంటాయి. 2019 మే నెలలో వాటి మీద పెయింట్ మార్కర్‌తో నేను గీసిన ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి. నట్టు మీది గీత, బార్ మీది గీత ఒకే వరసలో ఉన్నాయి. ఈ ఆరేళ్లలో ఆ బోల్టులకు ఎవరూ పానా పెట్టలేదు. పెట్టాల్సిన అవసరమే రాలేదు. మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లులో ఇరవై ఏళ్లుగా మెయింటెనెన్స్ చూస్తున్నవాడికి ఇది చిన్న సంతోషం కాదు. ఆ సంతోషం ఇచ్చింది షాపుల్లో బెల్‌విల్ వాషర్ అనీ, డిస్క్ వాషర్ అనీ అడిగితే ఇచ్చే చిన్న ఉక్కు రేకు. మా కుర్రాళ్లు దాన్ని గిన్నె వాషర్ అంటారు. బోర్లించిన పళ్లెంలా మధ్యలో కాస్త లేచి ఉంటుంది, అంతే.

గీతలు కదలనంత మాత్రాన జాయింట్ బిగువుగా ఉందని చెప్పలేం. అందుకే ప్రతి సీజన్‌లో నిండు లోడు మీద టెంపరేచర్ గన్‌తో చూస్తాను. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తప్పు చూపిస్తుంది కాబట్టి జాయింట్ల పక్కన నల్ల టేపు ముక్కలు అంటించి పెట్టుకున్నాం. ఈసారి బార్ మధ్యలో 58 డిగ్రీలు, జాయింట్ దగ్గర 61. మూడు ఫేజుల్లోనూ దాదాపు అంతే.

దీని విలువ తెలియాలంటే 2019 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఏం జరిగిందో చెప్పాలి.

రాత్రి ఒంటిగంట దాటింది. హెల్పర్ పరుగున వచ్చి, “అన్నా, ప్యానెల్ రూములో ఏదో కాలిన వాసన వస్తున్నది” అన్నాడు. నేను వెళ్లేసరికి వై ఫేజు జాయింట్ మీద ప్లాస్టిక్ తొడుగు (స్లీవ్) కరిగి కారుతోంది. మెయిన్ ఆపేసరికి బార్ అంచు నల్లబడి, గుంటలు పడిపోయింది. ఆ సమయానికి ట్యాంకుల్లో వడ్లు నానుతున్నాయి. నానిన వడ్లు వేళకు ఆవిరి పట్టకపోతే పులిసి వాసన వస్తాయి. జనరేటర్ మీద బాయిలర్, రెండు ఎలివేటర్లు మాత్రం నడిపి సగం ఉడికించగలిగాం. మిగతా సగం పాడైంది. సేటు నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది, ఎందుకంటే ఆ జాయింట్‌ను తొమ్మిది రోజుల క్రితం నా చేత్తో నేనే బిగించాను.

అప్పట్లో నెలకోసారి ప్యానెల్ బోల్టులన్నీ బిగించడం మాకు అలవాటు. ప్రతిసారీ అర చుట్టో, పావు చుట్టో తిరిగేవి. తిరిగితే ‘చూశావా, వదులైంది, మంచి పని చేశాం’ అనుకునేవాళ్లం. పానాకు పైపు తొడిగి మరీ బిగించిన రోజులున్నాయి.

ప్యానెల్ బాగుచేయడానికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కాలిన జాయింట్ విప్పి, బార్ మీద వాషర్ కూర్చున్న చోట నా బొటనవేలు పెట్టించారు. గోటికి తగిలేంత గుంట పడి ఉంది. “బాబూ, ఇది కరెంటు చేసిన గుంట కాదు, నీ పానా చేసింది. నువ్వు బిగించిన ప్రతిసారీ అల్యూమినియం ఇంత లోపలికి దిగింది” అన్నారు. నాకు కాసేపు నోట మాట రాలేదు.

తర్వాత ఆయన చెప్పింది, నేను ఇన్నేళ్లలో అర్థం చేసుకుంది కలిపి చెబుతాను. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మిల్లు నిండు లోడు మీద ఉన్నప్పుడు బార్ ఉబ్బుతుంది, ఉక్కు బోల్టు అంత సాగదు. ఇక ఆ మెత్తటి లోహం నలగాల్సిందే. లోడు తగ్గి చల్లబడ్డాక అది మునుపటి మందానికి తిరిగి రాదు. పైగా వేడి మీద, ఒత్తిడి కింద అల్యూమినియం నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. నొక్కుడు తగ్గితే తాకే చోట ఆక్సైడ్ పొర పెరుగుతుంది, అక్కడ వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే మళ్లీ నలుగుతుంది. ఆ చక్రం మధ్యలో మేం పానాతో దూరి, నలిగినదాన్ని ఇంకా నలిపాం.

నేను కాగితం మీద వేసుకున్న లెక్క ఒకటుంది. 12 మిల్లీమీటర్ల బోల్టును 70 న్యూటన్ మీటర్ల టార్క్‌కు (తిప్పే బలానికి) బిగిస్తే దాదాపు మూడు టన్నుల బిగువు వస్తుంది. మా జాయింట్ మందానికి ఆ బిగువులో బోల్టు సాగేది ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. అంటే బార్ అంత మాత్రం దిగబడినా ఆ మూడు టన్నులూ పోయినట్టే. మందపాటి కాగితం అంత కూడా ఉండదు ఆ తేడా. ఈ లెక్క వేసుకున్న రోజున ఇన్నేళ్లు మా జాయింట్లు ఎలా నిలబడ్డాయా అని భయం వేసింది.

మరి అంతకుముందు వేసింది కూడా స్ప్రింగ్ వాషరే కదా అని అడగొచ్చు. కోత పెట్టిన ఆ మామూలు రింగు బోల్టు కాస్త బిగియగానే చదునైపోతుంది. ఆ తర్వాత అదీ ఒక ప్లెయిన్ వాషరే. మూడు టన్నుల ముందు దానికున్న బలం ఏపాటిది? జర్మనీలో ఆ రింగుకున్న డిఐఎన్ (జర్మన్ ప్రమాణాల సంస్థ) 127 ప్రమాణాన్ని ఎప్పుడో ఎత్తేశారు. మన దగ్గర మాత్రం ఇంకా ప్రతి డబ్బాలోనూ అదే కనిపిస్తుంది.

గిన్నె వాషర్ అలా కాదు. ప్యానెల్ బాగుచేసినప్పుడు వేసి, ఇప్పటికీ మేం వాడేది డిఐఎన్ 6796 రకం. 12 సైజుకు 3 మిల్లీమీటర్ల మందం, మధ్యలో అర మిల్లీమీటరుకు పైగా లేపు. దాన్ని అణచాలంటే టన్నుల బలం కావాలి, కాబట్టి బోల్టు బిగువుకు సమానంగా నిలబడి తిరిగి తోస్తుంది. బార్ ఆ ఇరవయ్యో వంతు దిగబడినా, నా లెక్క ప్రకారం బిగువులో పోయేది పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతాది అలాగే ఉంటుంది. ఇంత చిన్న వస్తువు చేసే ఈ పని నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది. 1867లో ఫ్రాన్స్‌లో బెల్‌విల్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఆయన పేరు సికింద్రాబాద్ రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఈరోజుకీ పలుకుతున్నారు.

మొదటి సీజన్ అంతా నాకు టెన్షనే. నెల కాగానే చెయ్యి పానా వైపు పోయేది. పెద్దాయన “మళ్లీ బిగించవద్దు, వేడి చూడు చాలు” అని గట్టిగా చెప్పి వెళ్లారు కాబట్టి ఆగాను. వానాకాలం వడ్లు వచ్చాయి, పోయాయి. తర్వాత యాసంగి కూడా అయింది. జాయింట్ వేడి రెండు మూడు డిగ్రీలకు మించి మారలేదు. నెలనెలా ప్యానెల్ బిగించే కార్యక్రమం మా మిల్లులో అలా ఆగిపోయింది.

అయితే వాషర్ మార్చడం ఒక్కటే సరిపోయిందని చెబితే అది అబద్ధం అవుతుంది. ప్యానెల్ బాగుచేసిన రోజు బార్లను వైరు బ్రష్‌తో రుద్ది, వెంటనే జాయింట్ పేస్టు రాసి, ఎంత బిగువు పెడుతున్నామో చూపించే టార్క్ రెంచ్‌తోనే బిగించాం. అల్యూమినియం మీద ముందు మందపాటి వెడల్పు ప్లెయిన్ వాషర్, దాని మీద గిన్నె అంచు ఆనేలా, లేచిన వైపు నట్టుకు వచ్చేలా వేశాం. ఈ నాలుగింటిలో దేనికి ఎంత వాటా ఇవ్వాలో నేను విడదీయలేను. పక్క మిల్లులో పాత బార్ మీదే, రుద్దకుండా, వాషర్ మాత్రం మార్చారు. వాళ్ల జాయింట్ ఏడాదిలోనే మళ్లీ వేడెక్కింది. ఒక ఫీడర్ (ప్యానెల్ నుంచి ఒక్కో యంత్రానికి కరెంటు వెళ్లే లైను) దగ్గర మా హెల్పర్ గిన్నెను తిరగేసి వేశాడు. లేచిన వైపు మెత్తటి బార్‌కు ఆని, రంధ్రం చుట్టూ గుండ్రంగా కోసుకుపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ప్రమాదంతో కూడినది. 2021లో పాలిషర్ ఫీడర్ కోసం ఎనిమిది గిన్నె వాషర్లు కావలసి వచ్చి, వేరే షాపులో కొన్నాం. తళతళ మెరిసే జింక్ పూత, ధర కూడా తక్కువ. సాయంత్రం బిగించాం, అన్నీ బాగానే ఉన్నాయి. కరెంటు ఇచ్చేముందు పొద్దున మరోసారి చూద్దామని తలుపు తీస్తే మూడు వాషర్లు విరిగి ఉన్నాయి. ఒక ముక్క ప్యానెల్ అడుగున పడింది. అదే లోడు మీద ఉండగా విరిగి రెండు బార్ల మధ్య పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. గట్టి స్ప్రింగ్ ఉక్కుకు ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే హైడ్రోజన్ లోపలికి చేరుతుంది. పూత వేసిన వెంటనే దాదాపు 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిలో ఉంచి ఆ హైడ్రోజన్‌ను బయటికి పంపాలి. పంపకపోతే బిగించినప్పుడు బాగానే ఉండి, గంటల తర్వాత ఉన్నట్టుండి విరుగుతుంది. 2019లో మేం వేసినవి మెరుపు లేని బూడిద రంగువి. ఎలక్ట్రోప్లేటింగ్‌తో కాకుండా జింకు పొడిని గాజు గోళీలతో కొట్టి అంటించే పద్ధతి వాటిది. ఆ పద్ధతిలో ఈ బెడద చాలా తక్కువ. అప్పటినుంచి మెరిసేవి కొనడం మానేశాను. నల్లటి ఫాస్ఫేట్ పూత ఉన్నవి కూడా వాడాను. పొడి గదిలో బాగున్నాయి, బాయిలర్ వైపు తేమకు తుప్పు పట్టాయి.

సంతోషంలో నేను చేసిన మరో పొరపాటు డీస్టోనర్, అంటే రాళ్లు ఏరే యంత్రం దగ్గర. ప్యానెల్ అంత బాగా నిలబడింది కదా అని ఊగే జల్లెడ ఫ్రేముకు కూడా ఇవే వేశాను. పది రోజుల్లో రెండు నట్లు ఊడి కింద పడ్డాయి. అక్కడ సమస్య లోహం దిగబడడం కాదు. ఫ్రేము పక్కకు పక్కకు జారుతూ నట్టును తిప్పేస్తుంది. అలాంటి కదలికకు నట్టు ఎలా ఊడుతుందో 1969లోనే యుంకర్ అనే జర్మన్ ఇంజినీర్ యంత్రం పెట్టి చూపించాడు. నట్టు తిరగకుండా ఆపడం గిన్నె వాషర్ పని కాదు. అక్కడ ఇప్పుడు లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వేశాం, బాగున్నాయి.

ఆవిరి వాల్వు దగ్గర మాత్రం గిన్నె వాషర్ మళ్లీ నా మాట నిలబెట్టింది. నానబెట్టే ట్యాంకులకు వెళ్లే వాల్వు గ్లాండ్ (కాడ చుట్టూ ఆవిరి కారకుండా ప్యాకింగ్‌ను నొక్కి పట్టే భాగం) వారానికోసారి కారేది. గ్లాండ్ స్టడ్ల మీద సన్న డిస్కులను ఒకదానికొకటి ఎదురెదురుగా పేర్చాం. అలా పేరిస్తే బలం ఒక్కదానిదే, అణిగే దూరం మాత్రం ఎన్ని డిస్కులుంటే అన్ని రెట్లు. ఒకే వైపు గిన్నెలో గిన్నెలా పేరిస్తే బలం పెరుగుతుంది, దూరం పెరగదు. ప్యాకింగ్ అరిగేకొద్దీ ఆ దొంతర వెనకే నొక్కుతూ వస్తుంది కాబట్టి మాకు దూరమే కావాలి. ఇప్పుడు ఆ గ్లాండ్‌ను సీజన్‌కు ఒకసారి చూస్తే సరిపోతోంది.

మీకు కొనమని చెప్పాలా అంటే, నా ప్యానెల్ అల్యూమినియం బార్‌ది, పగలు రాత్రి లోడు ఎక్కి దిగేది, గది పొడిగా ఉండేది. అలాంటి చోట అయితే నేను మరో ఆలోచన లేకుండా ఇవే వేస్తాను. లోడు పెద్దగా మారని చిన్న ప్యానెల్‌కు, రాగి బార్‌కు ఇంత తేడా కనిపిస్తుందని నేను హామీ ఇవ్వలేను, ఆ అనుభవం నాకు లేదు. టార్క్ రెంచ్ లేకపోతే ముందు ఆ డబ్బు రెంచ్ మీద పెట్టండి. ధర మామూలు స్ప్రింగ్ వాషర్ కంటే చాలా రెట్లు ఎక్కువే, కానీ పన్నెండింటికి అయిన ఖర్చు ఆ రాత్రి పులిసిన వడ్లలో ఒక బస్తా విలువ కూడా చేయదు.

ఈసారి కూడా తలుపు మూసేముందు మార్కర్ తీసి, వెలిసిపోతున్న గీతలను మళ్లీ ఎర్రగా దిద్దాను.