1,00,00,00,007 మేలా, 99,82,44,353 మేలా?

అమీర్‌పేటలో కోడింగ్ పోటీలకు సిద్ధమయ్యే విద్యార్థులకు, జవాబును భాగించి శేషం చెప్పమనే లెక్కల్లో ఈ రెండు సంఖ్యలూ తరచూ ఎదురవుతాయి. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి, సున్నా కాని ప్రతి శేషానికీ గుణకార విలోమం (దానితో గుణిస్తే శేషం 1 వచ్చే సంఖ్య) ఉంటుంది. రెండు శేషాల లబ్ధం 64 బిట్లలో ఇమిడిపోతుంది.

అసలు తేడా ఒకటి తీసివేస్తే బయటపడుతుంది. మొదటిదాంట్లో మిగిలేది 2 × 50,00,00,003. ఆ పెద్ద కారణాంకమూ ప్రధాన సంఖ్యే కనుక ఇక విడదీయడానికి ఏమీ లేదు. రెండోదాంట్లో మిగిలేది 2²³ × 7 × 17. రెండో సంఖ్యకు 3 ఆదిమ మూలం (దాని ఘాతాల శేషాల్లో సున్నా కాని శేషాలన్నీ వస్తాయి) కావడంతో, 3¹¹⁹ శేషాన్ని వరుసగా తనతోనే గుణిస్తూ పోతే సరిగ్గా 83,88,608వ (అంటే 2²³వ) ఘాతం వద్ద మొదటిసారి 1 వస్తుంది. పెద్ద బహుపదులను సగాలుగా విడదీస్తూ, దశాంశ దోషం లేకుండా వేగంగా గుణించడానికి కావలసింది ఇదే.

గుర్తుంచుకోవడానికి మొదటిదే సులువు (పరీక్ష హడావుడిలో అదీ చిన్న విషయం కాదు). బహుపదులు వస్తే మాత్రం రెండోదే ఎంచుకోవాలి.