ఎల్లా కొండల్లో అప్ప చెయ్యి విరిగింది

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. జనవరిలో మా అప్ప (అక్క), బావ, నేను, మా ఆవిడ నలుగురం శ్రీలంక వెళ్లాం. బరంపురంలో రైలెక్కి చెన్నై, అక్కణ్ణుంచి విమానంలో గంటన్నర లోపే కొలంబో.

కాండీలో బుద్ధుడి దంత మందిరం పూజ వేళకే చూడాలి, డప్పుల మోతలో ఆ గుడి వేరుగా ఉంటుంది. సరస్సు పక్క హోటల్ శుభ్రంగానే ఉంది కానీ గది ఇరుకు. కాండీ నుంచి ఎల్లాకు రైల్లో ఆరేడు గంటలు పట్టింది. రిజర్వేషన్ ఆలస్యంగా చూసుకోవడం వల్ల సగం దూరం నిలబడే వెళ్లాం. అయినా తేయాకు తోటల మధ్య ఆ ప్రయాణం మానుకోవద్దు.

ఎల్లాలో కొండ మీద ఒక ఇంట్లో దిగాం. ఇంటావిడ పొద్దున్నే ఇడియప్పం, పరిప్పు, కొబ్బరి సంబోలు పెట్టేది. పరిప్పు అంటే మన పప్పే, కొబ్బరిపాలు పోసి చేస్తారు. గది ముందు నుంచుంటే లోయంతా కనిపించేది. ఒక్కటే కష్టం, రోడ్డు నుంచి గదికి అరవై మెట్లు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మెట్ల సంగతి ముందే అడగాలి. మేం అడగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం తొమ్మిది కమానుల వంతెన చూసి ఆటోలో తిరిగొస్తున్నాం. 1921లో కట్టిన రాతి వంతెన అది. సన్నగా తుంపర పడుతోంది. మలుపులో ఎదురుగా వ్యాను వచ్చింది. ఆటో పక్కకు తిప్పేసరికి ఎడమ చక్రం కాలవలో పడి బండి ఒరిగిపోయింది. మాకు గీతలే పడ్డాయి. అప్ప మాత్రం పడేటప్పుడు కుడిచెయ్యి నేలకు ఆనించింది. చూస్తే మణికట్టు దగ్గర చెయ్యి గరిటె కాడలా వంగిపోయి ఉంది. గాజులన్నీ పగిలాయి.

పక్క కొట్టతను 1990 నంబరుకు ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. అందులో కుర్రాడు చేతికి బద్ద కట్టి, కదపకుండా దిండు మీద పెట్టించాడు. ఆ సేవ పేరు సువసెరియ. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన మన 108 నమూనాలోనే, భారత ప్రభుత్వ సాయంతో 2016లో అక్కడ ప్రారంభించారు. దారిలో ఆ కుర్రాడు ఇంగ్లీషులో ఈ సంగతి చెబుతుంటే బావ కళ్లు తుడుచుకున్నాడు. అంబులెన్సుకు డబ్బు తీసుకోలేదు.

దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అత్యవసర విభాగాన్ని అక్కడ ఈటీయూ అంటారు. నర్సు తేయాకు తోటల తమిళమ్మాయి. "వలిక్కుదా అక్కా?" అంది. మాకు తమిళం రాదు, కానీ ఆ "అక్కా" అన్న పిలుపు విని అప్ప ఏడుపు ఆపింది. వేళ్లు అప్పటికే ఉబ్బుతున్నాయి. అమ్మ ఇచ్చిన ఉంగరం ఉంగరపు వేలికి బిగుసుకుపోయింది. కోసేస్తారేమోనని అప్ప చెయ్యి దాచుకుంది. ఆ పిల్ల కుట్లు వేసే దారం ఒకటి తెచ్చి, కొసను ఉంగరం కిందుగా దూర్చి, మిగతా దారం వేలి చుట్టూ కణుపు దాటేదాకా దగ్గర దగ్గరగా బిగించి చుట్టింది. తర్వాత లోపలి కొసను పట్టుకుని మెల్లగా విప్పుతూ వచ్చింది. చుట్టు చుట్టుకూ ఉంగరం ఒక్కో గీత ముందుకు జరిగి చివరికి ఊడి ఆమె అరచేతిలో పడింది. దూదిలో చుట్టి మా ఆవిడకు ఇచ్చింది.

ఎక్స్‌రేకి గంటన్నర కూర్చున్నాం. జనం ఎక్కువ, బాత్రూమ్ తడితడిగా ఉంది. కానీ డాక్టర్ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఎముక సరిచేసి, పిండికట్టు వేసి, వేళ్లు నీలంగా మారితే గానీ మొద్దుబారితే గానీ వెంటనే రమ్మని రెండుసార్లు చెప్పాడు. నేను పర్సు తీశాను, మా దగ్గర ఏమీ తీసుకోలేదు. ఏం జరిగిందో, ఏ వైద్యం చేశారో రాసి డయాగ్నసిస్ కార్డు అని ఒక కాగితం ఇచ్చారు, దాన్ని పోగొట్టుకోవద్దు.

రెండు రోజుల తర్వాత కొలంబోలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కూడా చూపించాం. ముందు డిపాజిట్ కట్టమన్నారు. అంతా మెరుస్తోంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. డాక్టర్ పది నిమిషాలు చూసి, కట్టు బాగా వేశారు, మార్చక్కర్లేదు అన్నాడు. ఆపరేషన్ కావలసి వస్తే కొలంబోయే మంచిదేమో గానీ, ఇలా ఎముక విరిగితే నేనైతే మళ్లీ ఆ కొండల ఆసుపత్రికే వెళ్తాను.

ఎల్లాలో ఆ మెట్లెక్కలేక, కొలంబో వెళ్లేముందు దగ్గర్లోని బండారవేల ఊళ్లో కింది అంతస్తు గది తీసుకున్నాం. ఎల్లా ఇంటావిడ మిగిలిన రెండు రాత్రుల డబ్బు వెనక్కిచ్చి, కొడుకు చేత సామాను పంపించింది.

బీమా మాత్రం విసిగించింది. ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించారు. రోడ్డు ప్రమాదం కాబట్టి పోలీసు కాగితం కావాలన్నారు. ఆటో అతను బతిమాలాడని మేం ముందు స్టేషన్‌కి వెళ్లలేదు. మర్నాడు వెళ్లి రాయించుకుంటే అది సింహళంలో ఉంది. దానికి ఇంగ్లీషు అనువాదం కొలంబోలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న (స్వోర్న్) అనువాదకుడి దగ్గర చేయించాల్సి వచ్చింది. ఆటో అతని మీద జాలి ఉన్నా పోలీసు కాగితం ఆ రోజే తీసుకోండి. అది మన బీమాకు, అతని మీద కోపంతో కాదు.

విమానానికి ముందు ఎయిర్‌లైన్స్‌కు కట్టు సంగతి చెప్పాలి. కొత్త కట్టు లోపల చెయ్యి గాల్లో ఉబ్బుతుందట, అందుకే చాలా ఎయిర్‌లైన్స్ వేసిన 48 గంటల్లోపు ఎక్కాలంటే కట్టును నిలువునా చీల్పించుకు రమ్మంటాయి. మేం నాలుగో రోజున ఎక్కాం. డాక్టర్ చీటీ చూపిస్తే సరిపోయింది.

బరంపురంలో మెడికల్ కాలేజీ ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి ఎముక కుదురుగానే ఉందన్నాడు. ఆరు వారాలకు కట్టు విప్పారు. అప్ప ఇప్పుడు రోజూ రబ్బరు బంతి పిసుకుతోంది. తడిబట్ట పిండడం ఇంకా చేతకావడం లేదు. ఉంగరం అదే దూదిలో దేవుడి గూట్లో ఉంది.