నెలకు ఒక్క బిల్లుతో నాలుగు టీవీలు: పెయిడ్ బాక్స్, ఫ్రీ డిష్ కలిపి ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో రెండో టీవీ పెట్టగానే డీటీహెచ్ వాళ్లు రెండో బాక్స్ తీసుకోమంటారు. 2020 నాటి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల్లో 200 చానళ్ల దాకా నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే చానళ్ల ధర కాక కనెక్షన్‌కు నెలనెలా కట్టే రుసుము, 130 రూపాయలు మించకూడదని ఉండేది, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. అదే ఇంట్లో రెండో టీవీ నుంచి అందులో 40 శాతం మించి తీసుకోకూడదని ఉండేది. 2024లో ఆ గరిష్ఠ పరిమితి ఎత్తేశారు. అయినా బరువు పడేది అక్కడ కాదు. రెండో బాక్స్‌లో చూసే పే చానళ్లకు మళ్లీ విడిగా కట్టాలి. నెలనెలా జేబుకు చిల్లు పెట్టేది అదే.

తిరుపతిలో మా ఇంట్లో నడుస్తున్న ఏర్పాటు ఇది. హాల్లో ఒకే ఒక పెయిడ్ హెచ్‌డీ బాక్స్. దాని బొమ్మే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ (ఒకే బొమ్మను రెండు టీవీలకు పంచే చిన్న పెట్టె) ద్వారా పక్క గది టీవీకి కూడా వెళ్తుంది. పెద్దవాళ్ల గదిలో, మిద్దె మీది గదిలో దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్ బాక్సులు. ఫ్రీ డిష్ భాగానికి పూర్తి మార్కులు వేస్తాను. స్ప్లిటర్ భాగానికి సగమే.

ఫ్రీ డిష్‌కు నెల చందా లేదు. ఎన్ని టీవీలున్నా అంతే. సిగ్నల్ 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది. టాటా ప్లే 83 దగ్గర, ఎయిర్‌టెల్ 108.2 దగ్గర ఉంటాయి కాబట్టి ఆ డిష్‌కే ఫ్రీ డిష్ బాక్స్ తగిలిస్తే ఏమీ రాదు, విడిగా ఇంకో డిష్ కావాలి. మిద్దె మీద వాడకుండా పడేసిన పాత డిష్ వంకర పోకుండా ఉంటే దాన్నే వాడుకోవచ్చు. ఎల్ఎన్‌బీ (డిష్ ముందు చేతికి ఉండే, సిగ్నల్ అందుకునే భాగం) మాత్రం కొత్తది కొనండి, దాని మీద 9750/10600 అని అచ్చు వేసి ఉండాలి.

తిరుపతి నుంచి లెక్క వేస్తే ఆ ఉపగ్రహం ఉత్తరం నుంచి 133 డిగ్రీల దిశలో, అంటే దాదాపు ఆగ్నేయంలో, 67 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. శేషాచలం కొండలు మనకు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి వాటి అడ్డు లేదు. ఇంత ఎత్తు వల్ల ఇంకో మేలు ఉంది. ఆగ్నేయం వైపు ఇల్లు మన డిష్ కంటే పది మీటర్లు ఎత్తున్నా, దానికి నాలుగున్నర మీటర్ల దూరంలో డిష్ పెడితే సిగ్నల్ దొరుకుతుంది. ఇరుకు వీధుల్లో ఇది చాలా పెద్ద ఊరట.

చాలామంది డిష్‌ను మరీ వెల్లకిలా పడుకోబెట్టి, సిగ్నల్ రాలేదని బాక్స్‌ను తిడతారు. మన ఇళ్ల మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. వాటి ముఖం అసలు కోణం కంటే ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలు కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది. అంటే 67 డిగ్రీలకు సరిపెట్టిన డిష్ చూడ్డానికి 43 డిగ్రీల దగ్గర ఉన్నట్టుంటుంది. ముందుగా స్తంభం నిటారుగా ఉందో లేదో తూకం గుండు వేలాడదీసి చూడండి. స్తంభం వాలితే ఏ లెక్కా పనికిరాదు. ఫోన్ దిక్సూచితో దిశ చూసేటప్పుడు ఇనప స్తంభానికి రెండు అడుగులు దూరంగా నిలబడండి. ఎల్ఎన్‌బీ తిప్పాల్సిన కోణం ఇక్కడ లెక్క ప్రకారం 45 డిగ్రీల దాకా వస్తుంది. నిటారుగా వదిలేస్తే అడ్డం, నిలువు తరంగాలు రెండూ కలిసిపోతాయి. అది మొదలుపెట్టడానికి మాత్రమే, చివరి మాట టీవీలో కనిపించే క్వాలిటీ గీతదే. స్ట్రెంగ్త్ గీతను నమ్మకండి, డిష్ ఆకాశంలో ఎటు చూసినా అది నిండుగానే కనిపిస్తుంది.

రెండు బాక్సులకు సిగ్నల్ పంచడం దగ్గరే అసలు కిటుకు. బాక్స్ ఎల్ఎన్‌బీకి 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 వోల్టులు పంపితే అడ్డం తరంగాలు వస్తాయి. 22 కిలోహెర్ట్జ్ టోన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి పై బ్యాండా కింది బ్యాండా అన్నది మారుతుంది. ఒకే కేబుల్‌ను మామూలు స్ప్లిటర్‌తో చీలిస్తే ఒక బాక్స్ 13 అడుగుతుంది, ఇంకోటి 18 అడుగుతుంది. ఎల్ఎన్‌బీ ఎక్కువ వోల్టుల మాటే వింటుంది, రెండో గదిలో చానల్ మాయం. బాక్స్ మెనూలో టీపీ (ట్రాన్స్‌పాండర్, అంటే చానళ్లు వచ్చే ఫ్రీక్వెన్సీ) జాబితా తెరిచి చూడండి. మీకు కావలసిన చానళ్లన్నీ ఒకే అక్షరం (నిలువుకు V, అడ్డానికి H), ఒకే బ్యాండ్ మీద ఉంటే స్ప్లిటర్ చాలు. లేకపోతే దాని జోలికి పోవద్దు.

మచ్చలేని దారి ట్విన్ ఎల్ఎన్‌బీ లేదా క్వాడ్ ఎల్ఎన్‌బీ. ట్విన్‌కు రెండు, క్వాడ్‌కు నాలుగు మూతులు (కేబుల్ తగిలించే చోట్లు) ఉంటాయి, ఒక్కోటి దేనికదే స్వతంత్రం. ఇప్పుడు రెండు టీవీలే ఉన్నా క్వాడ్ కొనమంటాను. మిగిలిన మూతులకు రబ్బరు టోపీలు పెట్టి వదిలేస్తే ఒకటి చెడినప్పుడు ఇంకోటి అక్కరకొస్తుంది. కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చదవండి. క్వాట్రో అనే ఇంకో రకం ఉంది, దానికీ నాలుగు మూతులే. కానీ అది మల్టీస్విచ్‌కు (చాలా బాక్సులకు సిగ్నల్ పంచే పరికరానికి) పెట్టేది, నేరుగా బాక్స్‌కు పెడితే నాలుగో వంతు సిగ్నలే దొరుకుతుంది. అంగట్లో రెండూ ఒకటే అని చెప్పి ఇచ్చేస్తుంటారు.

ఒక్కో మూతికి ఒక్కో ఆర్‌జీ-6 కేబుల్, మధ్యలో అతుకు లేకుండా లాగాలి. ముప్పై మీటర్లు దాటితే నడిమి తీగ పూర్తి రాగిది తీసుకోండి. రాగి పూసిన ఇనుము అయితే దూరం పెరిగేకొద్దీ వోల్టులు పడిపోతాయి, 18 అందక సగం చానళ్లు వచ్చీ రానట్టు ఆడతాయి. కనెక్టర్ బిగించేటప్పుడు నడిమి తీగ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. చుట్టూ ఉన్న జాలీలో ఒక్క పోగు కూడా దానికి తగలకూడదు. తగిలితే షార్టే. తిప్పి బిగించే కనెక్టర్ కంటే నొక్కి బిగించేది ఎన్నో రెట్లు నయం. ఎల్ఎన్‌బీ దగ్గర కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి కట్టండి, వాన నీళ్లు ఆ వంపు నుంచి కారిపోతాయి కానీ కనెక్టర్‌లోకి దిగవు.

ఇక్కడ ఎండ కేబుల్ తొడుగును పగలగొడుతుంది, మిగిలింది కోతులు చూసుకుంటాయి. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లలో కేబుల్‌ను పీవీసీ గొట్టంలో వేయకుండా వదిలేస్తే నిలవదు. డిష్ పట్టుకుని ఊగుతాయి కాబట్టి స్తంభాన్ని గోడకు రెండు చోట్ల క్లాంపులతో బిగించండి. ఈశాన్య రుతుపవనాల జోరు వాన ఎంత మంచి డిష్‌నైనా కాసేపు గుడ్డిది చేస్తుంది. 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90ది పెడితే మూడున్నర డెసిబెల్ సిగ్నల్ బలం అదనంగా దొరుకుతుంది, అంతరాయం బాగా తగ్గుతుంది. అక్టోబరు రాకముందే బోల్టులు, టేపు ఒకసారి చూసుకోండి.

ఫ్రీ డిష్ బాక్స్ ఎంపెగ్-4దే కొనండి (ఎంపెగ్ అంటే బొమ్మను కుదించి పంపే పద్ధతి). ఫ్రీ డిష్‌లో చాలా చానళ్లు ఎంపెగ్-2లో వస్తాయి కానీ కొన్నిటికి ఎంపెగ్-4 తప్పనిసరి. ఆ బాక్స్ రెండూ చూపిస్తుంది. లోటు కూడా చెప్పాలి. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి, డీడీ స్పోర్ట్స్ వస్తుంది. స్టార్ మా, జీ తెలుగు, జెమిని రావు, అవి పే చానళ్లు. హిందీ వైపే బరువెక్కువ. సీరియళ్లు చూసే ఇంట్లో ఫ్రీ డిష్ ఒక్కటే పెట్టి సరిపెట్టలేరు. అందుకే హాల్లో పెయిడ్ బాక్స్ ఉంచడం.

ఆ బాక్స్ బొమ్మను రెండో గదికి పంపే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో రెండు టీవీల్లోనూ ఒకే చానల్ వస్తుంది. అక్కడ వార్తలు, ఇక్కడ సినిమా కుదరదు. వంట చేస్తూ అదే సీరియల్ వినడానికి బాగుంటుంది, అంతకు మించి ఆశించకండి. అడాప్టర్ ఉన్న స్ప్లిటర్ తీసుకోండి, కరెంటు అక్కర్లేని వై ఆకారపు తీగలతో పని జరగదు. రెండు టీవీల్లో ఒకటి తక్కువ రిజల్యూషన్‌దైతే బొమ్మ దాని స్థాయికే దిగిపోవచ్చు. రెండో టీవీలో బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే బాక్స్ ఆడియో సెట్టింగ్‌ను డాల్బీ నుంచి పీసీఎంకు మార్చండి. పది పదిహేను మీటర్లు దాటితే హెచ్‌డీఎంఐ తీగ బదులు క్యాట్-6 ఎక్స్‌టెండర్ వాడండి, రిమోట్ సంకేతాన్ని వెనక్కి తెచ్చే కన్ను ఉన్న రకమైతే గదిలోంచే చానల్ మార్చుకోవచ్చు. స్ప్లిటర్‌లో ముందు చెడేది అడాప్టరే. బొమ్మ మినుకుమినుకు మంటే అదే అయిదు వోల్టుల, అదే పిన్ను ఉన్న వేరే అడాప్టర్ పెట్టి చూడండి.

ఇదంతా ఒకే ఇంటి లోపలి మాట. అద్దెకిచ్చిన పోర్షన్‌కు పెయిడ్ బాక్స్ తీగ లాగడం చందా షరతులకు విరుద్ధం. అద్దెకున్నవాళ్లకు ఫ్రీ డిష్ క్వాడ్‌లో ఖాళీగా ఉన్న మూతి ఇస్తే ఏ చిక్కూ లేదు.

ఫ్రీ డిష్ స్లాట్లను వేలం వేస్తారు, ఏప్రిల్ మొదటి వారంలో కొన్ని చానళ్లు పోయి కొత్తవి వస్తాయి. అప్పుడు ప్రతి గదిలో బాక్స్‌ను ఆటో స్కాన్ చేయాలి. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం నొక్కకండి, పెద్దవాళ్లు అలవాటుపడిన ఫేవరెట్ జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.